రుద్రమ కథలో నామవాచకాలు: మూడో తరగతి ప్రాజెక్టు డైరీ

మొదలుపెట్టే ముందు

మూడో తరగతి పిల్లలకు నామవాచకం పాఠం వచ్చిన ప్రతి ఏడాదీ నేను ఒకే వాక్యంతో మొదలుపెట్టేదాన్ని: "పేరును తెలియజేసే పదాన్ని నామవాచకం అంటారు." పిల్లలు దాన్ని ఒక్క పూటలో కంఠస్థం చేసేవారు. మరునాడు ఏదైనా పేరా ఇచ్చి నామవాచకాల కింద గీత గీయమంటే చాలామంది మనుషుల పేర్ల కింద మాత్రమే గీసి ఊరుకునేవారు. బల్లకు పేరు ఉందా అని అడిగితే లేదని తల అడ్డంగా ఊపేవారు. అందులో వారి తప్పేమీ లేదు. వారికి పేరు అంటే హాజరు పట్టీలో పిలిచేది. వ్యాకరణంలో మనం వాడే "పేరు" అన్న మాటకు ఉన్న విస్తారమైన అర్థం వారికి ఇంకా పరిచయం కాలేదు.

ఈసారి నిర్వచనాన్ని పూర్తిగా చివరికి జరిపి, ముందు ఒక చరిత్ర కథ చెప్పి, ఆ కథలోని పదాలతోనే మూడు వారాల పాటు పని చేయించాలని నిర్ణయించుకున్నాను. కథ కాకతీయ రుద్రమదేవిది. కోటలు, బురుజులు, గుర్రాలు, రేవులు, శాసనాలతో ఆ కథ నిండుగా ఉంటుందన్నది ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం ఇంకొకటి ఉంది. మనం రుద్రమదేవి అని పిలుచుకునే ఆమె అనేక శాసనాలలో రుద్రదేవ మహారాజుగా కనిపిస్తుంది. మనిషి ఒకరే, పేర్లు రెండు. మనిషి వేరు, మనిషిని సూచించే మాట వేరు అని ఎనిమిదేళ్ల పిల్లలకు చూపడానికి ఇంతకంటే అనువైన కథ నాకు తోచలేదు.

కథను 30 చిన్న వాక్యాలలో రాసుకున్నాను. 1199 నుంచి 1262 వరకు పాలించిన గణపతిదేవుడికి కొడుకులు లేకపోవడం, కూతురు రుద్రమను వారసురాలిగా నిలబెట్టడం, ఆమె పురుష వేషంలో రాజ్యభారం వహించడం, ఓరుగల్లు రాతి కోటను పూర్తి చేయించడం, దండెత్తి వచ్చిన దేవగిరి యాదవ రాజు మహాదేవుణ్ణి తిప్పికొట్టడం, చివరికి 1289 నాటి చందుపట్ల శాసనం ఆమె మరణాన్ని తెలపడం, ఆ తరువాత మనవడు ప్రతాపరుద్రుడు రాజు కావడం: ఇంతే. సంభాషణలు కల్పించలేదు. వ్యాకరణం కోసం చెప్పినా చరిత్ర చరిత్రగానే చెప్పాలన్నది నా పట్టుదల.

మొదటి వారం, సోమవారం

ఈ రోజు వ్యాకరణం మాట ఎత్తలేదు. తరగతి గదిలో బల్లలు పక్కకు జరిపి, నేల మీద తాడుతో ఒక వలయం వేశాము. అది రాతి కోట. దాని చుట్టూ నీలం సుద్దముక్కతో మరో వలయం గీశాము. దానికీ వెలుపల గోనెపట్టాలు చుట్టి పేర్చాము. అది మట్టి కోట. రాతి గోడ వెంబడి కొందరు పిల్లలు బురుజులుగా నిలబడ్డారు. మిగిలినవారు శత్రుసైన్యం. నేను కథ చెబుతుంటే వారు కదులుతున్నారు.

నేను ముందుగా అనుకోనిది ఒకటి జరిగింది. నీలం గీతను ఏమంటారో కావాలనే చెప్పకుండా వదిలాను. సైన్యంలోని ఒక బాబు గీత తొక్కగానే బురుజుగా నిలబడ్డ పాప, "టీచర్, వాడు ఆ నీళ్లది... అదే, చుట్టూ ఉండేది... అది దాటేశాడు!" అని అరిచింది. పక్కవాడు "ఏది?" అన్నాడు. ఆమె మళ్ళీ వేలు పెట్టి చూపించవలసి వచ్చింది. అప్పుడు చెప్పాను, దాన్ని అగడ్త అంటారని. ఆ తరువాత పావుగంటలో ఆ మాట కనీసం 20 సార్లు వినబడింది. "అగడ్త దాటకూడదు", "అగడ్తలో పడ్డావు", "అగడ్తకు అవతల ఉండు" అంటూ ఎవరూ నేర్పకుండానే విభక్తులన్నీ తగిలించేశారు. వేలు పెట్టి చూపవలసిన అవసరం పోయింది. ఒక వస్తువుకు మాట దొరికితే ఏమి జరుగుతుందో పిల్లలు కళ్లారా చూశారు. నామవాచకం చేసే పని ఇదే. ఈ అనుభవం ముందు కలగకుండా నిర్వచనం చెప్పడం ఇన్నేళ్లూ నేను చేసిన పొరపాటు అని ఈ రోజు గట్టిగా అనిపించింది.

మొదటి వారం, బుధవారం

కథలోని పది వాక్యాలను నామవాచకాలు తీసేసి చదివాను. "ఎక్కి, దాటి, చేరి, చూశారు. గొప్పగా ఎదిరించారు. వెనక్కి తగ్గి పారిపోయారు." పిల్లలు కాసేపు ఓపికగా విని, ఒక్కసారిగా ప్రశ్నలు మొదలుపెట్టారు: ఎవరు ఎక్కారు? దేన్ని దాటారు? ఎవరిని ఎదిరించారు?

తెలుగులో ఈ ప్రయోగం ప్రత్యేకంగా పనిచేస్తుంది. మన భాషలో కర్త లేకపోయినా వాక్యం విరగదు. "ఎక్కి చూశారు" అన్నది వినడానికి నిండు వాక్యమే. వాక్యం సరిగానే ఉంది, కానీ కథ కనబడటం లేదు. ఆ ఖాళీని పిల్లలు తమ ప్రశ్నలతో తామే పట్టుకున్నారు. వారి ప్రశ్నలను బోర్డు మీద రాశాను: ఎవరు, ఏమిటి, ఎవరిని, దేన్ని, ఎక్కడ. వాటికి జవాబుగా వచ్చే మాటలను ఒక్కొక్క అట్టముక్క మీద రాయమన్నాను. గంట పూర్తయ్యే సరికి 41 ముక్కలు పోగయ్యాయి. వాటిలో "ఆమె", "అక్కడ" కూడా ఉన్నాయి. అప్పటికి వాటిని తీసేయలేదు.

మొదటి వారం, శుక్రవారం

నా తయారీలోని లోపం ఈ రోజు బయటపడింది. వాక్యాలను పొడవాటి కాగితపు పట్టీలుగా కత్తిరించి ఇచ్చి, నామవాచకం ఉన్న చోట కత్తెరతో వేరు చేయమన్నాను. ఒక పట్టీలో "గుర్రమెక్కి" అని రాశాను. ఒక బాబు దాన్ని "గుర్ర", "మెక్కి" అని రెండు ముక్కలు చేసి, రెండో ముక్కను పైకెత్తి పట్టుకుని, "ఎవరు మెక్కారు టీచర్?" అని నిజమైన సందేహంతో అడిగాడు. మరో పాప "కోటంతా" అన్న పదాన్ని మొత్తంగా నామవాచకం పెట్టెలో వేసింది.

పిల్లలు చూసినది సరిగానే చూశారు. రాతలో సంధి వల్ల నామవాచకం పక్క పదంలో కలిసిపోతుంది. గుర్రము, ఎక్కి కలిసి గుర్రమెక్కి అయినప్పుడు ము, ఎ అనే రెండూ కలిసి "మె" అయ్యాయి. ఆ అక్షరాన్ని ఏ కత్తెరా సరిగ్గా మధ్యకు కోయలేదు. ఇంగ్లీషులో వ్యక్తుల, ఊళ్ల పేర్లకు పెద్ద అక్షరం ఒక గుర్తుగా ఉంటుంది. మన లిపిలో ఆ ఆనవాలు కూడా లేదు. రుద్రమ అన్నా, రాయి అన్నా అక్షరాలు ఒకే తీరున ఉంటాయి. కాబట్టి తెలుగు చదివే పిల్లవాడికి కంటి గుర్తుల సాయం తక్కువ, అర్థం మీద ఆధారపడక తప్పదు.

ఆ సాయంత్రం కూర్చుని మొత్తం 30 వాక్యాలనూ సంధి విడదీసి మళ్ళీ రాశాను. "గుర్రం ఎక్కి", "కోట అంతా", "రాజు అయ్యాడు". చదవడానికి కాస్త ఎడంగా ఉన్నా ఈ వయసుకు ఇదే తగినది. సంధి రూపాలను చివరి వారంలో కొన్ని మాత్రమే తిరిగి ప్రవేశపెట్టాలని రాసుకున్నాను.

రెండో వారం, సోమవారం

ఈ ప్రాజెక్టు మొత్తానికీ నాకు ఎక్కువ ఇష్టమైన రోజు ఇది. పోగైన ముక్కలకు పరీక్షలు పెట్టాము.

మొదటి పరీక్ష పిల్లలే మొదటి రోజు ఆటలో వాడినది: పదం చివర కు గానీ కి గానీ, లేదా ను, తో, లో అనేవాటిలో ఏదో ఒకటి గానీ చేర్చి చూడటం. కోటకు, కోటను, కోటతో, కోటలో. గుర్రానికి, గుర్రాన్ని. ఓరుగల్లుకు, ఓరుగల్లులో. "ఎక్కారుకు" అనగానే తరగతి అంతా వద్దు వద్దు అన్నది. "గొప్పగాను" అన్నప్పుడు కొంత తర్జనభర్జన జరిగినా, అక్కడ ఉన్నది ద్వితీయా విభక్తి కాదని, "గొప్పగాను చూశాను" అని ఎవరూ అనరని వారే తేల్చారు.

అప్పుడు ఒక పాప లేచి, "ఆమెకు అంటాం కదా, అక్కడికి అంటాం కదా, నిన్నటికి కూడా అంటాం కదా" అన్నది. నేను ఎదురు చూస్తున్న మాటే అయినా ఇంత తొందరగా వస్తుందని అనుకోలేదు. విభక్తి పరీక్ష ఒక్కటే సరిపోదు. అది సర్వనామాలను, స్థలాన్నీ కాలాన్నీ చెప్పే కొన్ని మాటలను కూడా లోపలికి రానిస్తుంది. అందుకని కోటకు రెండో ద్వారం పెట్టాము: పదానికి ముందు "ఆ" చేర్చి చూడటం. ఆ కోట, ఆ గుర్రం, ఆ సైన్యం, ఆ రాణి. ఇవన్నీ సాఫీగా నడిచాయి. "ఆ ఆమె", "ఆ అక్కడ", "ఆ నిన్న" అన్నవి నడవలేదు. రెండు ద్వారాలూ దాటినదే లోపలి వలయంలోకి రావాలని నియమం పెట్టుకుని, తాడు వలయాన్ని మళ్ళీ నేల మీద పరిచి, ముక్కలను ఒక్కొక్కటిగా నడిపించాము. "పైన" అన్న మాట మాత్రం "పైకి" అని మొదటి ద్వారం, "ఆ పైన" అని రెండో ద్వారం దాటేసింది. దాన్ని అగడ్తలోనే ఉంచుదామని పిల్లలు తీర్మానించారు. నేను ఒప్పుకున్నాను. పరీక్ష పట్టుకోలేని పదాలు భాషలో ఉంటాయని మూడో తరగతిలోనే తెలియడం మంచిదే.

"పెద్ద" అన్న ముక్క దగ్గర చర్చ ఎక్కువసేపు సాగింది. "పెద్దకు" అని ఎవరూ అనరని ఒకరు, "ఊరి పెద్దకు చెప్పాడు" అంటామని మరొకరు. ఇద్దరూ నిజమే చెప్పారు. "పెద్ద కోట" అన్నప్పుడు అది విశేషణం, "ఊరి పెద్ద" అన్నప్పుడు నామవాచకం. పదాన్ని వాక్యంలోంచి ఊడబెరికి అట్టముక్క మీద పెడితే అది ఏ జాతిదో చెప్పలేమని ఆ ఒక్క ఉదాహరణతో తేలింది. అప్పటి నుంచి ప్రతి ముక్క వెనుక ఆ పదం వచ్చిన వాక్యం కూడా రాయాలని నియమం మార్చాము.

రెండో వారం, మంగళవారం

"రాతి గోడ" లోని "రాతి" నామవాచకమా కాదా? నిన్న మిగిలిపోయిన ప్రశ్న ఇది. రాతికి, రాతిని, రాతితో అని విభక్తులు చక్కగా చేరుతున్నాయి. కానీ "ఆ రాతి" అనగానే "ఆ రాతి ఏమిటి?" అని పిల్లలు అడుగుతున్నారు, మాట మధ్యలో ఆగిపోయినట్టు.

రాయి, రాతి రెండు పదాలు కావని, విభక్తికి ముందు గానీ మరో నామవాచకానికి ముందు గానీ నిలబడవలసి వచ్చినప్పుడు రాయి రాతిగా మారుతుందని చెప్పాను. ఇల్లు ఇంటిగా, ఊరు ఊరిగా, ఏరు ఏటిగా, నీరు నీటిగా మారేదీ అలాగే. వ్యాకరణంలో ఈ మార్పు తెచ్చే ఇ, టి, తి అనే వాటిని ఔపవిభక్తికాలు అంటారు. ఆ పేరు పిల్లలకు చెప్పలేదు. "రుద్రమ రాజు వేషం వేసుకున్నట్టా టీచర్?" అని వెనుక వరుసలోంచి ఒక బాబు అడిగాడు. అంతకంటే బాగా నేను చెప్పలేను. ఆ తరువాత వారు "వేషం మార్చిన మాటలు" అని ఒక ప్రత్యేక పట్టిక తయారు చేసుకున్నారు: నీటి అగడ్త, ఊరి జనం, రాతి గోడ, ఏటి ఒడ్డు. ఓరుగల్లు అన్న పేరులో కూడా ఒక రాయి దాగి ఉందని, ఆ ఊరికే ఏకశిలానగరం అన్న పేరు కూడా ఉందని చెప్పినప్పుడు ఊరి పేరు రాసిన ముక్క పక్కన ఒక పాప చిన్న రాయి బొమ్మ గీసింది.

రెండో వారం, గురువారం

కథలో ఒక అడుగు వెనక్కి వేసి గణపతిదేవుడి మోటుపల్లి శాసనం దగ్గరకు వెళ్ళాము. 1244 నాటి ఆ శాసనం సముద్ర వర్తకులకు అభయం ఇచ్చింది. అంతకుముందు రాజులు, ఓడ గాలివానకు దెబ్బతిని దరికి కొట్టుకొస్తే అందులోని సరుకును బలవంతంగా తీసుకునేవారు. గణపతిదేవుడు తాను అలా చేయనని, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటానని రాతి మీద చెక్కించాడు. ఏ సరుకుకు ఎంత సుంకమో చెప్పాలంటే సరుకుల పేర్లు రాయక తప్పదు. చందనం, కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, రాగి, పట్టు, పగడాలు, మిరియాలు అంటూ ఆ శాసనంలో సరుకుల పట్టిక సాగుతుంది. దాదాపు 780 ఏళ్ల నాడు రాతి మీద చెక్కిన నామవాచకాల జాబితా అది.

ఈ విషయం చెప్పినప్పుడు తరగతిలో వచ్చిన మార్పును నేను మరచిపోలేను. మాట సరిగ్గా రాయకపోతే సుంకం తప్పుతుందని, వర్తకుడు నష్టపోతాడని వారికి వెంటనే అర్థమైంది. పిల్లలను ఓడలవారుగా, రేవు అధికారులుగా విడదీశాను. ఓడవాడు సరుకు ముక్క చూపిస్తే అధికారి దాన్ని ఏకవచనంలోనూ బహువచనంలోనూ చెప్పాలి. ముత్యం, ముత్యాలు. పగడం, పగడాలు. కర్పూరం దగ్గర అధికారి ఆగిపోయాడు. "కర్పూరాలు" అనవచ్చా? కర్పూరాన్ని లెక్కపెట్టరు, తూస్తారని చివరికి వారే అన్నారు. పట్టు కూడా అంతే. ఒక పాప ధైర్యంగా "రాగి, రాగులు" అనేసి, మరుక్షణమే "అవి వేరే కదా" అని తనే సరిదిద్దుకుంది. లెక్కపెట్టగలిగినవి, తూచవలసినవి అని రెండు రాశులు తయారయ్యాయి. ఇది నా ప్రణాళికలో లేని పాఠం. శాసనమే దాన్ని చేతికి అందించింది.

రెండో వారం, శుక్రవారం

పని తక్కువగా సాగింది. సగం మంది రాలేదు. వచ్చినవారితో ముక్కలకు రంగులు వేయించాను: మనుషులు, చోట్లు, వస్తువులు, జంతువులు.

మూడో వారం, సోమవారం

నాలుగు రంగులలో ఏదీ సరిపడని ముక్కలు కొన్ని మిగిలాయి: ధైర్యం, యుద్ధం, పాలన, కోపం. చాలా తరగతులలో ఇక్కడే పాఠం తడబడుతుంది, ఎందుకంటే "మనిషి, చోటు, వస్తువు పేరు" అని ముందే నేర్చుకున్న పిల్లవాడు ధైర్యాన్ని ఎక్కడా పెట్టలేడు. మా పిల్లలకు నిర్వచనం లేదు, రెండు ద్వారాలు మాత్రమే ఉన్నాయి. ధైర్యానికి, ధైర్యంతో, ఆ ధైర్యం. రెండూ దాటింది. యుద్ధానికి, యుద్ధంలో, ఆ యుద్ధం. అదీ దాటింది. ముట్టుకోలేనిది కూడా నామవాచకం కావచ్చునా అని ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఐదో రంగు ఏది వేయాలన్నదే వారి బెంగ.

ఆ వెంటనే "రుద్రమ ధైర్యంగా పోరాడింది" అన్న వాక్యం ఇచ్చాను. "ధైర్యంగా" అన్నది ద్వారం దాటలేదు. చివర "గా" చేరగానే ధైర్యం పోరాటం తీరును చెప్పే మాట అయిపోయింది. ధైర్యం, ధైర్యంగా, వేగం, వేగంగా, కోపం, కోపంగా అని జంటలు పేర్చి, ఏది లోపలికి, ఏది బయటికి అని ఆడించాను. ఇక్కడ ఇద్దరు ముగ్గురికి ఇంకా తడబాటు ఉంది. వారితో విడిగా కూర్చోవాలి.

మూడో వారం, బుధవారం

రెండు పేర్ల పాఠం. ఒకే అట్టముక్కకు ఒక వైపు రుద్రమదేవి అని, మరో వైపు రుద్రదేవ మహారాజు అని రాయించి, తిప్పినప్పుడల్లా వాక్యాన్ని మార్చి చెప్పమన్నాను. "రుద్రమదేవి కోటకు వచ్చింది." తిప్పితే: "రుద్రదేవ మహారాజు కోటకు వచ్చాడు." గౌరవంగా చెబితే రెండు వైపులా "వచ్చారు" సరిపోతుంది. మనిషి మారలేదు, మాట మారింది, దానితో క్రియ మారింది. నామవాచకానికి వాక్యంలో ఉన్న పట్టు ఎంతో ఈ చిన్న ఆట స్పష్టంగా చూపించింది.

ఒక పాప మరో విషయం గమనించింది. "గుర్రం వచ్చింది, రుద్రమ వచ్చింది. రెండింటికీ ఒకే మాట ఎందుకు?" అని అడిగింది. ఆమె గొంతులో చిన్న అభ్యంతరం వినిపించింది. తెలుగులో ఒక్క స్త్రీకి, మానవేతరాలకు క్రియ ఒకే రూపంలో వస్తుంది. ఎక్కువ మంది అయితే స్త్రీలు పురుషులతో కలిసి "వచ్చారు" అవుతారు, గుర్రాలు మాత్రం "వచ్చాయి" అని విడిపోతాయి. ఆ తేడాను బోర్డు మీద రాసి చూపించాను. మన భాష నిర్మాణంలోని ఒక లోతైన విషయాన్ని ఎనిమిదేళ్ల పాప తన చెవితో పట్టుకుంది. నేను ఎంతగానో సంతోషించాను, ఆ ప్రశ్నను ఆమె పేరుతో గోడ మీద అతికించాను.

మూడో వారం, శుక్రవారం

చివరి రోజు కొత్త పేరా ఇచ్చాను, రామప్ప గుడి గురించి. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఆ గుడి, నీటి మీద తేలే తేలికైన ఇటుకలతో కట్టిన శిఖరం, నల్లరాతి శిల్పాలు. రెండు చోట్ల సంధి రూపాలు అలాగే ఉంచాను. 24 మందిలో 17 మంది నామవాచకాలన్నీ గుర్తించారు. ఐదుగురు "తేలికైన" దగ్గర తప్పు చేశారు. ఇద్దరు సంధి దగ్గర ఆగి, పదాన్ని గట్టిగా పలికి, చెవితో విడదీసుకుని సరిగ్గా గీశారు, కానీ సమయం చాలలేదు. "నల్లరాతి" కింద గీత గీసి పక్కన "వేషం" అని రాసినవారు తొమ్మిది మంది.

అప్పుడు అడిగాను, నామవాచకం అంటే ఏమిటని. జవాబులు రకరకాలుగా వచ్చాయి. వేలు పెట్టి చూపకుండా చెప్పే మాట అని ఒకరు, ఎవరు ఏమిటి అని అడిగితే వచ్చేది అని మరొకరు, రెండు ద్వారాలు దాటేది అని ఇంకొకరు. పుస్తకంలోని వాక్యాన్ని ఆ తరువాత బోర్డు మీద రాశాను. "పేరు అంటే ధైర్యానికి కూడా కదా" అని ముందు వరుసలోని బాబు అన్నాడు.

ముక్కలన్నీ అట్టపెట్టెలో భద్రం చేశాము. "ఆమె", "అక్కడ", "పైన" అన్న మూడింటిని మాత్రం వేరే కవరులో ఉంచాను. వచ్చే నెల సర్వనామం పాఠం ఆ కవరుతోనే మొదలవుతుంది. "ధైర్యంగా" దగ్గర తడబడినవారికి సోమవారం నుంచి రోజుకు పది నిమిషాలు.